అరికాలిలో ఉన్నది ఆనెకాయేనా?

"సిస్టరమ్మా, ఆనెకాయ ఎన్నిసార్లు కోసుకున్నా మళ్ళీ వస్తోంది" అంటూ మా డ్రెస్సింగ్ గదికి వచ్చేవారు చాలామంది. కాలు కడిగి వెలుతురులో చూస్తే వారిలో కొందరిది ఆనెకాయ కాదు, పులిపిరి. చేతివేళ్ళ మీద పులిపిరి లేస్తే అందరూ గుర్తుపడతారు. అరికాలిలో వచ్చినది మాత్రం ఒంటి బరువుకు లోపలికి అణగి, పైన గట్టి చర్మం కప్పుకుని ఉంటుంది. అందుకే ఈ పొరపాటు.

అరికాలి చర్మం మీద వేలిముద్రల్లాంటి సన్నని గీతలుంటాయి. రాపిడికి గట్టిపడిన చర్మం మీద ఆ గీతలు మామూలుగా సాగిపోతాయి. పులిపిరి దగ్గర మాత్రం తెగిపోతాయి. ఆనెకాయను పైనుంచి నొక్కితే నొప్పి. పులిపిరిని రెండు పక్కల నుంచి వేళ్ళతో పిండితే నొప్పి ఎక్కువ. పులిపిరిలో చిన్న చిన్న నల్లచుక్కలు కూడా కనిపిస్తాయి. వీటిని వేర్లు అనుకుని సూదితో తవ్వేవారున్నారు. అవి వేర్లు కావు, రక్తం గడ్డకట్టిన సన్నని నాళాలు. తవ్వితే రక్తం వస్తుందే గాని పులిపిరి పోదు.

ఆనెకాయకు కారణం బిగుతు చెప్పులు, ఒకేచోట ఒత్తిడి. పులిపిరి మాత్రం హ్యూమన్ పాపిల్లోమా అనే వైరస్ వల్ల వస్తుంది. నీటిలో నాని మెత్తబడిన చర్మం గుండా, చిన్న గాట్ల గుండా లోపలికి చేరి, నెలల తర్వాత బయటపడుతుంది. హాస్టల్ పిల్లలు స్నానాల గదిలో చెప్పులు వేసుకోవాలని, ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడరాదని మేము చెప్పేది ఇందుకే.

రెండేళ్ళ క్రితం ఒకామె తన భర్తకు ఆనెకాయ ఉందని, మందుల షాపులో దొరికే ఆనెకాయ పట్టీ వేయవచ్చా అని మమ్మల్ని అడిగింది. పనిలో ఉండి, వేయవచ్చమ్మా అన్నాము. ఆయనకు షుగర్ ఉందా అని అడగలేదు. ఉంది, పదిహేనేళ్ళుగా. పాదం మొద్దుబారి ఉన్నందున పట్టీలోని ఆసిడ్ మంచి చర్మాన్ని తినేస్తున్నా ఆయనకు తెలియలేదు. వాసన వచ్చాక తీసుకొచ్చారు. "నొప్పి లేదు గదా అని ఊరుకున్నానమ్మా" అన్నాడాయన. ఇరవై రెండు రోజులు వార్డులో ఉన్నాడు. కాలు దక్కింది, ఒక వేలు పోయింది. అప్పటినుంచి కాలు చూపించిన ప్రతివారినీ మేము ముందుగా అడిగేది షుగర్ గురించే.

షుగర్ ఉన్నవారు, కుష్ఠు వల్లగాని మరే కారణంచేతగాని పాదం స్పర్శ తగ్గినవారు, కాళ్ళకు రక్తప్రసరణ సరిగా లేనివారు ఇంట్లో ఏ వైద్యమూ చేసుకోరాదు. గర్భిణులు డాక్టరుగారిని అడిగిన తర్వాతే మందు వాడాలి.

మిగిలినవారు తొందరపడనక్కరలేదు. పిల్లల్లో చాలామందికి ఒకటి రెండేళ్ళలో పులిపిరి దానంతటదే పోతుంది. నడిస్తే నొప్పి ఉంటే సాలిసిలిక్ ఆసిడ్ మందు వాడవచ్చు. పాదాన్ని గోరువెచ్చని నీటిలో ఐదు పది నిమిషాలు నానబెట్టి, పైచర్మాన్ని రాయితో మెల్లగా రుద్ది, చుట్టూ వ్యాజిలిన్ రాసి, మందు పులిపిరి మీద మాత్రమే వేయాలి. ఆ రాయి మరెవరూ వాడరాదు. రోజూ వేస్తే పన్నెండు వారాల వరకు పట్టవచ్చు. వారం రోజులు వేసి మానేసి, మందు పనిచేయలేదనేవారే ఎక్కువ. పుండుపడితే కొద్దిరోజులు ఆపాలి.

మైనస్ 196 డిగ్రీల చల్లదనం గల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే చికిత్స కూడా ఉంది. రెండు మూడు వారాలకొకసారి చేస్తారు. ఖర్చు ఎక్కువ గనుక అదే గొప్పదనుకుంటారు. అరికాలి పులిపిర్ల మీద ఈ రెండింటినీ పోల్చి బ్రిటన్‌లో 2011లో వెలువరించిన పరిశీలనలో ఫలితంలో తేడా కనబడలేదు.

జీడిగింజ రసం, సున్నం సోడా, అగరుబత్తితో కాల్చడం, బ్లేడు: వీటివల్ల అయిన గాయాలకు కట్లు కట్టి కట్టి విసిగిపోయాము. దయచేసి వద్దు. రక్తం కారుతున్న కాయ, నల్లగా పాకుతున్న మచ్చ, నెలల తరబడి మానని పుండు ఏ వయసువారికున్నా వెంటనే డాక్టరుగారికి చూపించాలి.

వచ్చేటప్పుడు రోజూ వేసుకునే చెప్పులతోనే రండి. కొత్తవి వద్దు. పాతవాటి అరుగుదల చూస్తే ఒత్తిడి ఎక్కడ పడుతోందో మాకు తెలుస్తుంది.