పువ్వుకు ఆకు తోడుండదు.. ఆకుకు పువ్వు తోడుండదు
మన్యం అడవుల నీడలో ‘నెర్విలియా’ ఆర్కిడ్
దుంప తవ్వితే మొక్కే మిగలదు

పాడేరు: తొలకరి జల్లులు పడగానే కొండవాలు అడవుల్లో, రాలిన ఆకుల నడుమ నుంచి జానెడు కాడ ఒకటి పైకి లేస్తుంది. దానికి ఆకు ఉండదు. కొసన జాతిని బట్టి ఒకటో, కొన్నో పూలు ఉంటాయి. కొద్ది రోజులకే అవి వాడిపోతాయి. ఆ తర్వాత అదే చోట గుండ్రని ఆకు ఒకే ఒక్కటి మొలుస్తుంది. పువ్వును, ఆకును వేర్వేరు కాలాల్లో చూసినవారు ఆ రెండూ ఒకే మొక్కవని పోల్చుకోవడం కష్టం. అదే నెర్విలియా. తూర్పు కనుమల్లో దీని జాతులు పలుచోట్ల కనిపిస్తాయి.

ఒంటి ఆకే ఆధారం

లాటిన్ భాషలో ‘నెర్వస్’ అంటే నరం. ఆకుపై ఉబ్బెత్తుగా కనిపించే ఈనెలను బట్టి ఈ పేరు వచ్చింది. నేలలోని చిన్న దుంపే ఈ మొక్కకు ప్రాణం. పూలకు అవసరమైన ఆహారం నిరుటి దుంప నుంచే అందుతుంది. వానాకాలమంతా ఆ ఒక్క ఆకు తయారు చేసే ఆహారం మళ్లీ దుంపలోకి చేరుతుంది. వానలు వెనుకబడ్డాక ఆకు ఎండిపోతుంది. వేసవిలో నేలపై దాని ఆనవాలే ఉండదు. కాబట్టి ఆకును తుంచితే మరుసటి ఏడాది పూతకు, దుంపను తవ్వితే మొక్కకే నష్టం.

గింజ ఉన్నా మొలకెత్తదు

ఆర్కిడ్ల గింజలు ధూళి రేణువులంత ఉంటాయి. వరి, కంది గింజల్లో మాదిరిగా వాటిలో ఆహార నిల్వ ఉండదు. నేలలోని ఒక రకం శిలీంధ్రం తోడై ఆహారం అందిస్తేనే అవి మొలకెత్తుతాయి. ఆ శిలీంధ్రానికి తేమ, కుళ్లిన ఆకులు కావాలి. నీడనిచ్చే చెట్లు కొట్టినా, వేసవిలో రాలిన ఆకులకు నిప్పు పెట్టినా ఈ బంధం దెబ్బతింటుంది. ఇంటికి తెచ్చి కుండీలో నాటిన అడవి మొక్క చాలాసార్లు బతకకపోవడానికి కారణమూ ఇదే.

మందుగానూ గిరాకీ

కేరళ వైద్యంలో ఈ జాతుల్లో ఒకదానిని ‘ఒరిలత్తామర’ అంటారు. ఒంటి ఆకు తామర అని అర్థం. మందు కోసం అడవుల్లోనే సేకరించడం ఈ మొక్కకు మరో చిక్కు.

భారత వృక్ష సర్వేక్షణ సంస్థ 2019లో వెలువరించిన గ్రంథం ప్రకారం దేశంలో 1,256 ఆర్కిడ్ జాతులు ఉన్నాయి. అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం పరిధిలోకి ఆర్కిడ్ కుటుంబం మొత్తం వస్తుంది. ఆ ఒప్పందం అమలుకు వీలుగా కేంద్రం 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించింది.

చట్టం ఉన్నా, చెట్టు నీడలోని చిన్న ఆకును గుర్తించేది అడవికి నిత్యం వెళ్లేవారే. వంటచెరకుకో, దుంపలకో, అడ్డాకులకో వెళ్లినప్పుడు నేలపై ఈనెలు తేలిన ఒంటి ఆకు కనిపిస్తే పెకలించకుండా వదిలేయాలి. ఆ చోటును గుర్తు పెట్టుకుంటే, మరుసటి తొలకరికి అక్కడే పువ్వును చూడవచ్చు.