దీర్ఘకాలిక ప్రయోగ దత్తాంశ పరిరక్షణ: డేటాబేస్‌లో ఫైళ్ల పరిమితి, కంట్రోల్ ఫైలు యాజమాన్యం

వ్యవసాయ పరిశోధనలో గడచిపోయిన సీజనును తిరిగి రప్పించడం ఎవరి తరమూ కాదు. పాడైన పరికరాన్ని మార్చుకోవచ్చు, మొలవని విత్తనాన్ని మళ్లీ విత్తుకోవచ్చు. కాని ఒక ఖరీఫ్‌లో కురిసిన వర్షం, ఆ వర్షానికి పెరిగిన పైరు, అది ఇచ్చిన దిగుబడి అదే రూపంలో మరల లభించవు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం 1843 నుండి సాగుతున్నది. మన దేశంలో దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల అఖిల భారత సమన్వయ పరిశోధనా పథకం 1970లో ఆరంభమైంది. తెలంగాణలోని జగిత్యాల దాని కేంద్రాలలో ఒకటి. ఇటువంటి ప్రయోగాల విలువ అంకెల అవిచ్ఛిన్నత మీద ఆధారపడి ఉంటుంది. మధ్యలో కొన్ని సంవత్సరాల దత్తాంశం పోతే మిగిలిన దానికీ బలం తగ్గుతుంది.

ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతిపై నడిచే డేటాబేస్‌లలోనే నేడు ఇటువంటి దత్తాంశాన్ని ఎక్కువగా భద్రపరుస్తున్నారు. పట్టికల రూపకల్పన, గణాంక విశ్లేషణలపై శాస్త్రవేత్తలు తగినంత శ్రద్ధ చూపుతారు. ఆ పట్టికలను డిస్కుపై మోసే ఫైళ్ల సంగతి మాత్రం డేటాబేస్ నిలిచిపోయిన నాడు గాని గుర్తుకు రాదు. ఒరాకిల్ డేటాబేస్‌ను ఉదాహరణగా తీసుకొని, ఫైళ్ల పరిమితి, కంట్రోల్ ఫైలు అనే రెండు అంశాలను ఇక్కడ పరిశీలిద్దాం.

కంట్రోల్ ఫైలు - ప్రయోగ క్షేత్రపు లేఅవుట్ పటం

యాదృచ్ఛిక పద్ధతిలో వేసిన ప్రయోగానికి లేఅవుట్ పటం ఎటువంటిదో, డేటాబేస్‌కు కంట్రోల్ ఫైలు అటువంటిది. పటం పోతే మడులు, పైరు, దిగుబడి అన్నీ ఉంటాయి. ఏ మడిలో ఏ ట్రీట్‌మెంటు వేశారో చెప్పేవారు ఉండరు. డేటాబేస్ పేరు, అది ఏర్పడిన సమయం, డేటా ఫైళ్లు, రీడూ లాగ్ ఫైళ్ల పేర్లు, అవి ఉన్న చోట్లు, చివరి చెక్‌పాయింట్ వివరాలు ఈ చిన్న బైనరీ ఫైలులో నమోదై ఉంటాయి.

డేటాబేస్ మూడు దశలలో మేల్కొంటుంది. మొదటి దశలో పారామీటర్ ఫైలును చదువుతుంది. రెండవ దశ అయిన మౌంట్‌లో కంట్రోల్ ఫైలును తెరుస్తుంది. మూడవ దశలో అందులోని జాబితా ప్రకారం డేటా ఫైళ్లను, లాగ్ ఫైళ్లను తెరుస్తుంది. కంట్రోల్ ఫైలు లేకపోతే ప్రయాణం మొదటి దశలోనే ఆగిపోతుంది. డేటా ఫైళ్లు చెక్కుచెదరకుండా ఉన్నా ఒక్క అంకెను కూడా చదవలేము.

పరిమితి ఎక్కడ ఎదురవుతుంది?

డేటా ఫైళ్ల సంఖ్యను రెండు అంశాలు నిర్ణయిస్తాయి. మొదటిది మ్యాక్స్‌డేటాఫైల్స్. డేటాబేస్‌ను సృష్టించేటప్పుడు ఇచ్చే ఈ విలువను బట్టి, కంట్రోల్ ఫైలులో డేటా ఫైళ్ల వివరాలకు తొలుత ఎంత చోటు కేటాయించాలో తేలుతుంది. రెండవది పారామీటర్ ఫైలులోని డీబీ_ఫైల్స్. ఒకేసారి ఎన్ని ఫైళ్లను తెరవవచ్చో ఇది చెబుతుంది. ఏమీ పేర్కొనకపోతే దీని విలువ 200.

పాత ఒరాకిల్ 7లో మొదటి పరిమితిని దాటాలంటే కంట్రోల్ ఫైలునే తిరిగి సృష్టించవలసి వచ్చేది. ఒరాకిల్ 8 నుండి డీబీ_ఫైల్స్ అనుమతించినంత మేర కంట్రోల్ ఫైలు తానే విస్తరిస్తుంది. అందువల్ల నేడు ఆచరణలో అడ్డుపడేది ఎక్కువగా డీబీ_ఫైల్స్ పరిమితే. దానిని దాటి కొత్త ఫైలును చేర్చబోతే ఓఆర్ఏ-00059 అనే దోష సందేశం వస్తుంది. డేటాబేస్ నడుస్తుండగా ఈ విలువను మార్చలేము. మార్చిన తరువాత డేటాబేస్‌ను ఆపి తిరిగి ప్రారంభించాలి.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. 20 కేంద్రాలు గల ప్రాజెక్టులో ప్రతి కేంద్రానికి, ప్రతి సీజనుకు ఒక డేటా ఫైలు చొప్పున చేరుస్తున్నారనుకుందాం. ఖరీఫ్, రబీ కలిపి ఏడాదికి 40 ఫైళ్లు అవుతాయి. వ్యవస్థ సొంత ఫైళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి కనుక ఐదవ సంవత్సరం ముగియకముందే 200 పూర్తవుతాయి. పాత దత్తాంశానికి నష్టం ఉండదు. కాని ఉన్న ఫైళ్లలో ఖాళీ లేకపోతే కోత సమయంలో వచ్చే దిగుబడి వివరాలు డేటాబేస్‌లోకి ఎక్కవు.

దీనికి నివారణ రూపకల్పన దశలోనే ఉంది. సీజనును ఫైలుగా విడదీయకుండా పట్టికలో ఒక నిలువు వరుసగా ఉంచాలి. ఉన్న ఫైళ్లు అవసరమైనంత పెరిగేలా ఆటోఎక్స్‌టెండ్ సౌకర్యాన్ని గరిష్ఠ పరిమితితో ఏర్పాటు చేయాలి. 8 కిలోబైట్ల బ్లాకుతో సాధారణ డేటా ఫైలు దాదాపు 32 గిగాబైట్ల వరకు పెరుగుతుంది. అంతకు మించిన అవసరం ఉంటే ఒరాకిల్ 10జీ నుండి లభిస్తున్న బిగ్‌ఫైల్ టేబుల్‌స్పేస్‌ను వాడవచ్చు. అదే బ్లాకుతో అందులోని ఒక్క ఫైలే 32 టెరాబైట్లను మోస్తుంది. డీబీ_ఫైల్స్ విలువను ప్రాజెక్టు ఆయుష్షుకు సరిపడా ముందే పెంచుకోవాలి. దీనివల్ల అదనంగా పట్టే మెమరీ స్వల్పం. లినక్స్‌లో ఒక ప్రాసెస్ తెరవగల ఫైళ్లకు విడిగా పరిమితి ఉంటుంది. అనేక వ్యవస్థలలో సాధారణంగా 1024గా ఉండే ఆ పరిమితిని కూడా సరిచూడాలి.

కంట్రోల్ ఫైలు రక్షణ

ఒరాకిల్‌లో కంట్రోల్ ఫైలుకు ఎనిమిది వరకు ప్రతులు ఉంచుకోవచ్చు. వేర్వేరు డిస్కులపై కనీసం రెండు ఉండాలి. డేటాబేస్ ప్రతి మార్పును అన్ని ప్రతులలోనూ రాస్తుంది. నడుస్తుండగా ఒక ప్రతి చెడినా డేటాబేస్ నిలిచిపోతుంది. అయినా మంచి ప్రతిని చెడినదాని స్థానంలోకి నకలు చేసి తిరిగి ప్రారంభిస్తే పని తీరుతుంది. ప్రతులన్నీ ఒకే డిస్కుపై ఉంటే, ఆ డిస్కుతో పాటు ఈ అవకాశమూ పోతుంది.

ఆల్టర్ డేటాబేస్ బ్యాకప్ కంట్రోల్‌ఫైల్ టు ట్రేస్ అనే ఆదేశం, కంట్రోల్ ఫైలును తిరిగి సృష్టించడానికి కావలసిన స్క్రిప్టును చదువదగిన పాఠంగా రాసిస్తుంది. కొత్త డేటా ఫైలును చేర్చిన ప్రతిసారీ దీనిని మళ్లీ తీసుకోవాలి. మునుపటి స్క్రిప్టులో ఆ కొత్త ఫైలు పేరు ఉండదు. ఆర్‌మ్యాన్ వాడేవారు కంట్రోల్ ఫైలు ఆటోబ్యాకప్ అమలులో ఉన్నదో లేదో చూసుకోవాలి.

మరొక అంశం తరచుగా దృష్టికి రాదు. తీసిన బ్యాకప్‌ల వివరాలు కూడా కంట్రోల్ ఫైలులోనే ఉంటాయి. వాటిని నిలిపి ఉంచే కనీస గడువు, మార్చకపోతే, 7 రోజులు. ఆ తరువాత అవసరాన్ని బట్టి పాత వివరాలపై కొత్తవి రాయబడవచ్చు. నెలకొకసారి, సీజనుకొకసారి బ్యాకప్ తీసే కేంద్రాలు ఈ గడువును తమ క్రమానికి తగినట్లు పెంచుకోవాలి.

ఉచితంగా లభించే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను వాడే కేంద్రాలలో ఇదే పాత్రను పీజీ_కంట్రోల్ అనే ఫైలు నిర్వహిస్తుంది. దీనికి వేర్వేరు డిస్కులపై ప్రతులు ఉంచే ఏర్పాటు ఆ డేటాబేస్‌లో లేదు. కనుక అక్కడ క్రమబద్ధమైన పూర్తి బ్యాకప్, లాగ్ ఫైళ్ల భద్రతే ఆధారం.

పరీక్షించని బ్యాకప్, మొలక శాతం చూడని విత్తనం ఒకటే. సంవత్సరానికి ఒకసారి, విత్తు పనులు మొదలు కాకముందు, వేరొక కంప్యూటరుపై డేటాబేస్‌ను పునరుద్ధరించి, ఏదో ఒక పాత సంవత్సరపు దిగుబడిని క్షేత్ర నమోదు పుస్తకంతో సరిపోల్చాలి. ఫైళ్ల సంఖ్య, వాటి పరిమితి, కంట్రోల్ ఫైలు ప్రతులు ఉన్న చోట్లను ప్రాజెక్టు వార్షిక నివేదికలో ఒక పేజీగా చేర్చడం మంచిది. శాస్త్రవేత్తలు బదిలీ అవుతారు, విద్యార్థులు పట్టా తీసుకొని వెళ్తారు. ప్రయోగాన్ని తరువాత చేపట్టేవారికి ఆ పేజీ దారి చూపుతుంది.