కాటుక, కుంకుమ, ముఖలేపనము: పేరు పాతది, పదార్థము క్రొత్తది

తెలుగువారి యిండ్లలో ఒకప్పుడు కాటుకను అంగడిలో కొనెడి అలవాటు లేదు. ప్రమిదలో ఆముదము పోసి వత్తి వెలిగించి, దానిపై రాగిపళ్ళెమునో ఇత్తడి గిన్నెనో బోర్లించి, పట్టిన మసిని తెల్లవారిన పిమ్మట గీకి, నేతితో గాని ఆముదముతో గాని రంగరించి భరిణెలో దాచుకొనెడివారు. కుంకుమ సంగతియు అట్టిదే. పసుపుకొమ్ములను నిమ్మరసము, పటిక, వెలిగారములతో ఊరవేసి, ఎండించి దంచినచో ఎఱ్ఱని కుంకుమ తయారయ్యెడిది. చేసినది ఎవరో, అందులో వేసినది ఏమో ఇంటిల్లిపాదికిని తెలిసియుండెడిది.

నేడు కాటుక అను మాట మిగిలినది, కుంకుమ అను మాట మిగిలినది. భరిణెలోనికి వచ్చెడి పదార్థము మాత్రము ఎక్కడనో ఎవరో చేసినది. అంగడిలో దొరకునదంతయు చెడ్డదని చెప్పుట న్యాయము కాదు. లైసెన్సు పొంది, పరీక్షలు జరిపి అమ్మెడి వస్తువులు ఎన్నో కలవు. కాని తిరునాళ్ళలోను, సంతలోను, తోపుడుబండి మీదను, చేసినవారి పేరు గాని ఊరు గాని లేని చిన్న డబ్బాలో అమ్ముడుపోవు నల్లని పొడికి ఎవరు పూచీపడుదురు? పాత పేరు మీది నమ్మకముతోనే తల్లులు దానిని కొనుచున్నారు. ఆ నమ్మకమును ఆధారము చేసికొని సీసము, పాదరసము వంటి విషలోహములు ఇండ్లలోనికి ప్రవేశించుచున్నవి.

సుర్మా అను పేరుతో అమ్మెడి కంటిపొడి ఇందుకు మొదటి ఉదాహరణము. సుర్మా యనగా ఆంటిమొనీ అను ధాతువుతో కూడిన అంజనపురాయి యని పలువురి నమ్మకము. చూచుటకు అట్లే నల్లగా తళతళలాడుచు, సులభముగా నూరుటకు వీలైన రాయి మరియొకటి కలదు. దాని పేరు గెలీనా. అది సీసము, గంధకము కలిసిన ఖనిజము. అందు నూటికి 86 పాళ్ళు సీసమే. పెక్కు దేశములలో రసాయన పరీక్షలు జరుపగా, సుర్మా యను పేరుతో దొరకు పొడులలో అనేకములందు ఉన్నది ఈ గెలీనాయే యని తేలినది.

2013లో అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమందలి ఆల్బుకర్కీ నగరమున, ఆఫ్ఘనిస్తానము నుండి వచ్చి స్థిరపడిన ఒక కుటుంబములో పసిపిల్ల రక్తమందు సీసము హెచ్చుగా ఉన్నట్లు కనబడినది. స్వదేశపు కాటుకను ఆ పిల్ల కంట పెట్టుచున్నట్లు విచారణలో తెలిసినది. ఆ కాటుకను పరీక్షింపగా నూటికి 54 పాళ్ళు సీసము! మన దేశపు నియమముల ప్రకారము సౌందర్య సాధనములలో వాడెడి కృత్రిమపు రంగులందు సీసము కిలోగ్రాముకు 20 మిల్లీగ్రాములను మించరాదు. ఆ కాటుక కిలోగ్రాము ఉన్నదనుకొన్నచో అందులో సీసము 540 గ్రాములుండును.

కంటికి పెట్టినది కడుపులోనికి ఎట్లు పోవునని కొందరు అడుగవచ్చును. బిడ్డ కన్ను నలుపుకొనును, ఆ వ్రేళ్ళనే నోట పెట్టుకొనును. అంతేకాక కన్నీటి నాళము కంటి మూలనుండి ముక్కులోనికి, అచ్చటి నుండి గొంతులోనికి దారితీయును. కంట మందు వేసిన కొంతసేపటికి నాలుకపై చేదు తగులుటకు కారణమిదియే. మ్రింగిన సీసములో పెద్దవారి శరీరము కొంతమాత్రమే గ్రహించును. పసివారి శరీరము అంతకు నాలుగైదు రెట్లు గ్రహించును. అది ఎదుగుచున్న మెదడును దెబ్బతీయును. చదువులో వెనుకబాటు, నిలకడలేమి, రక్తహీనత కలుగును. జ్వరము వలెనో విరేచనముల వలెనో పైకి కనబడదు గనుక తల్లిదండ్రులు దానిని పోల్చుకొనలేరు. సీసమునకు హాని లేని మోతాదు ఇంత యని చెప్పుటకు వీలులేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టము చేసియున్నది. శరీరములో చేరిన సీసము ఎముకలలో ఏండ్ల తరబడి నిలువయుండి, ఆడపిల్ల పెద్దదై గర్భవతి యైనపుడు తిరిగి రక్తములో కలిసి గర్భస్థ శిశువునకు చేరును.

ఈ సంగతిని ఇంటి పెద్దలకు నచ్చజెప్పుట సులభము కాదు. బాలింతను చూచుటకు వచ్చిన ఆశా కార్యకర్తకును, ఇంటి అవ్వకును పల్లెలలో ఇట్టి సంభాషణము జరుగుట కద్దు.

“కాటుక పెట్టకపోతే బిడ్డకు కళ్ళు పెద్దవి ఎట్లా అవుతాయి, అమ్మాయీ? నా బిడ్డలందరికీ పెట్టే పెంచాను.”

“పెంచారు, అవ్వా. మీరు పెట్టింది మీ చేత్తో చేసిన దీపపు మసి. ఈ డబ్బాలో ఉన్నదేమిటో మీకు తెలుసా?”

“అంగట్లో కాటుకనే ఇచ్చారు.”

“వారు పెట్టిన పేరు అది. లోపల ఏముందో డబ్బామీద ఒక్క ముక్కయినా రాయలేదు, చూడండి.”

“పోనీ, దిష్టిచుక్కయినా వద్దంటావా?”

“ఇంటి మసితో అరికాలికి పెట్టండి, అవ్వా. కంట్లో మాత్రం ఏ కాటుకా వద్దు.”

ఆ చివరి మాట గమనింపదగినది. ఇంటిలో చేసిన కాటుకలో సీసము లేకపోవచ్చును. అయినను గోటితోనో వ్రేలితోనో పెట్టునపుడు నెలల బిడ్డ కంటికి గీత పడవచ్చును, క్రిములు సోకవచ్చును, కన్నీటి నాళము పూడుకొనవచ్చును. అందుచేతనే నవజాత శిశువుల సంరక్షణ కార్యక్రమములలో బిడ్డ కంటికి కాటుక వలదని బోధించుచున్నారు. కన్నులు పెద్దవగుటకును కాటుకకును సంబంధమేమియు లేదు.

నుదుటి బొట్టు విషయమున కూడ పేర్లు తారుమారగుచున్నవి. పసుపుతో చేసినది కుంకుమ. ఆంజనేయస్వామి విగ్రహమునకు పూసెడి సంప్రదాయసిద్ధమైన సింధూరము సీసపు ఆక్సైడు. ఇంగిలీకము పాదరసము, గంధకము కలిసినది. మూడును ఎఱ్ఱనివే. మొదటిది ఒంటికి తగిన వస్తువు, తక్కిన రెండును కావు. 2017లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రపు దుకాణముల నుండి 95, ముంబయి, ఢిల్లీ నగరముల నుండి 23 సింధూరపు నమూనాలను సేకరించి పరీక్షించిరి. గ్రాముకు 20 మైక్రోగ్రాములను మించి సీసము గలవి అమెరికాలో కొన్నవానిలో నూటికి 19, మన దేశములో కొన్నవానిలో నూటికి 43గా తేలినవి. న్యూజెర్సీలో తెలుగు కుటుంబములు అనేకము కలవు. స్వదేశమునుండి వచ్చినదను మమకారముతో పూజగదిలో ఉంచుకొన్న పొట్లము ఇంటిలోని పసిబిడ్డ చేతికి అందరాదని వారును గుర్తింపవలెను.

అంటించుకొనెడి బొట్టుబిళ్ళల గూర్చి ఒక మాట. కొన్నింటి జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫీనాల్ అను రసాయనము ఉండును. అది కొందరి చర్మములోని రంగునిచ్చు కణములను చంపివేయుటచే బొట్టు పెట్టిన చోట తెల్లని మచ్చ ఏర్పడును. దానిని చూచి ఇంటివారు బొల్లి వ్యాధి యని హడలిపోవుదురు. మచ్చ కనబడగానే ఆ బిళ్ళను మాని చర్మవైద్యునికి చూపవలెను.

ఇక ముఖమును తెల్లగా చేయునని చెప్పెడి లేపనములు. అన్నింటికంటె ఎక్కువ కీడు జరుగుచున్నది ఇచ్చటనే. చర్మమునకు నలుపునిచ్చునది మెలనిన్ అను వర్ణద్రవ్యము. అది తయారగుటకు టైరోసినేజ్ అను ఎంజైము అవసరము. పాదరసము ఆ ఎంజైము పనిని అడ్డగించును. అందుచేత కొన్ని వారములలో ముఖము తేటపడినట్లు కనబడును. కొన్నవారికి నమ్మకము కుదురును, ఇరుగుపొరుగువారికి ఆశ పుట్టును. ఈ లోపల పాదరసము చర్మము ద్వారా రక్తములోనికి, అచ్చటి నుండి మూత్రపిండములలోనికి చేరుచుండును. పూసుకొన్న ముఖము నుండి ఆవిరిగా లేచి ఇంటి గాలిలో కలియును. తువ్వాలు ద్వారా, దిండు ద్వారా బిడ్డలకు అంటును.

కేరళ రాష్ట్రములోని మలప్పురం జిల్లాయందు జరిగిన సంగతి దీనికి తార్కాణము. అక్కడి ఒక ఆసుపత్రిలో 2021 జూలై మొదలు 2023 సెప్టెంబరు వరకు మూత్రపిండముల జల్లెడపొర చెడి, రక్తములోని మాంసకృత్తులు మూత్రముతో పోవుచుండెడి వ్యాధి గలవారు 22 మంది వచ్చిరి. వారిలో 15 మందికి వచ్చినది సాధారణముగా అరుదుగా కనబడు రకము. ఇందరికి ఇది ఏల వచ్చినదని వైద్యులు ఆరా తీయగా, ఆ 15 మందిలో 13 మంది వ్యాధి రాకముందు తెలుపునిచ్చు లేపనములను వాడినట్లు ఒప్పుకొనిరి. లేపనములలో పాదరసమున్నట్లు పరీక్షలో తేలినది. లేపనము మానుటతో చాలమందికి వ్యాధి తగ్గుముఖము పట్టుట ఇందులో కొంత ఊరట. కాళ్ళ వాపు, ఉదయము కనుల క్రింద వాపు, మూత్రము నురుగుగా పోవుట ఈ వ్యాధి లక్షణములు. ఇట్టివి కనబడినపుడు తాను ముఖమునకు ఏమి పూసికొనుచున్నదియు వైద్యునితో దాచక చెప్పవలెను. సిగ్గుచే చెప్పనివారు చాలమంది. వైద్యులును అడుగుట అరుదు.

డబ్బాపై “పాదరసము” అని ఎవరును వ్రాయరు. ఒక్కొక్కప్పుడు కెలొమెల్, మెర్క్యురస్ క్లోరైడ్, అమోనియేటెడ్ మెర్క్యురీ అను పేర్లు కనబడును. మరియొక గుర్తు కలదు. “బంగారము, వెండి, అల్యూమినియము నగలకు తగులనీయకుడు” అని వ్రాసియున్నచో అనుమానింపవలెను. పాదరసము ఆ లోహములను పట్టి చెరచును. తన నగకు పనికిరాదని డబ్బాయే చెప్పుచుండగా దానిని ముఖమునకు పూసికొనుట ఎట్టిదో పాఠకులే ఊహించుకొందురు గాక!

పాదరసము లేనివానిలో కొన్నింటియందు బీటామెథసోన్, క్లోబెటసోల్ వంటి స్టెరాయిడు మందులు కలిసియుండును. ఇవి చర్మవ్యాధులకు వైద్యుడు కొన్ని దినములకు వ్రాసియిచ్చెడివి. నెలల తరబడి ముఖమునకు పూసినచో చర్మము పలుచనై, ఎఱ్ఱబారి, మొటిమలును రోమములును పుట్టుకొనివచ్చును. మానినచో మంట హెచ్చును గనుక మరల పూయక తప్పదనిపించును. 2018లో ప్రభుత్వము ఇట్టి 14 మందులను వైద్యుని చీటి లేక అమ్మరాని పట్టికలో చేర్చినది. అయినను ఇరుగుపొరుగు సలహాపై కొనువారికి కొదువలేదు. పెండ్లిచూపులలో పిల్ల చామనచాయ యని పెదవి విరిచెడివారు ఉన్నంతవరకు ఈ డబ్బాలకు గిరాకి తగ్గదు. ఇందులో అమ్మువాని తప్పుతో పాటు చూడవచ్చినవారి తప్పును కలదు.

తలకు వేసెడి నల్లరంగులలో పారాఫినిలిన్ డయమిన్ అను పదార్థముండును. ఇది కొందరికి పడదు. ముఖము వాచి కనులు మూసికొనిపోవును. కడుపులోనికి పోయినచో ప్రాణాపాయము గనుక పిల్లలకు అందకుండ ఉంచవలెను. గోరింటాకు సహజముగా నారింజ చాయగల ఎరుపునే ఇచ్చును. నల్లగా పండునదని అమ్మెడి గోరింటలో ఈ రసాయనమే కలిసియుండవచ్చును. రంగు వేసికొను ముందు ప్రతిసారియు చెవి వెనుక కొంచెము పూసి 24 గంటలు ఆగి చూడవలెనని డబ్బాతో వచ్చు కాగితముపై ఉండును. కనుబొమలకు, కనురెప్పల వెండ్రుకలకు వేయుట ఎంతమాత్రము కూడదు. చూపు పోవు ప్రమాదము కలదు.

ఇవన్నియు వినినవారు రసాయనపు పేరు కనబడిన ప్రతి వస్తువును విషమని భయపడనక్కరలేదు. ఉప్పునకును రసాయనపు పేరు కలదు. “సహజము”, “మూలికలతో చేసినది” అను మాటలు అభయపత్రములును కావు. గెలీనా భూమిలో సహజముగా దొరకు రాయియే కదా. చూడవలసినది తయారు చేసినవారి పేరు, పూర్తి చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, వాడదగిన గడువు, కలిపిన పదార్థముల పట్టిక. విదేశపు సరుకైనచో దిగుమతి రిజిస్ట్రేషను సంఖ్య యుండవలెను. ఇవి లేని డబ్బా ఎంత చవకయైనను కొనరాదు.

1940 నాటి ఔషధ చట్టములోనికి సౌందర్య సాధనములను 1962లో చేర్చిరి. 2020లో వానికి ప్రత్యేక నియమావళి వచ్చినది. రంగు కొరకు సీసపు, ఆర్సెనిక్ సమ్మేళనములను కలుపుట నిషిద్ధము. కంటి చుట్టు వాడునవి గాక తక్కిన వానిలో అనుకోకుండ చేరిన పాదరసము సైతము కిలోగ్రాముకు 1 మిల్లీగ్రామును మించరాదు. పాదరసముపై కుదిరిన మినమాటా అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశము 2018లో ధ్రువీకరించినది. పాదరసము కలిపిన సౌందర్య సాధనముల తయారీని, ఎగుమతి దిగుమతులను 2025తో పూర్తిగా నిలిపివేయవలెనని ఆ ఒడంబడిక దేశములు 2023లో నిర్ణయించినవి.

చట్టములోని 26వ విభాగము సామాన్యునికి ఒక హక్కును ఇచ్చినది. తాను కొన్న సౌందర్య సాధనమును ఎవరైనను నిర్ణీతమైన రుసుము చెల్లించి, ప్రభుత్వ విశ్లేషకునికి పరీక్షార్థము పంపి, సంతకము చేసిన నివేదికను పొందవచ్చును. జిల్లాలోని ఔషధ తనిఖీ అధికారికి ఫిర్యాదు చేయుటయు కద్దు. ఈ సదుపాయములు ఉన్నవని తెలిసినవారే తక్కువ. ముఖము మండినను, కాళ్ళు వాచినను కోపముతో డబ్బాను పారవేయుట చాలమంది చేయు పొరపాటు. డబ్బాను, పైఅట్టను, రశీదు ఉన్నచో దానిని సంచిలో కట్టి ఆసుపత్రికి వెంట తీసికొనిపోవలెను. వైద్యునికి గాని విశ్లేషకునికి గాని అందు మిగిలిన చెంచెడు పదార్థమే ఆధారము.