నేల మీద లారీ, నీటిలో పడవ

లారీ చెరువులో దిగితే మునుగుతుంది. పడవను రోడ్డెక్కిస్తే కదలదు. కానీ రోడ్డు మీద లారీలా పరుగెత్తి, అలాగే సముద్రంలోకి దిగి పడవలా సాగిపోయే బండి ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో తయారైన ఆ బండి పేరు డియుకెడబ్ల్యు. ఇవి కంపెనీ వాళ్ళ గుర్తులు. 'డి' అంటే 1942 నాటి నమూనా, 'యు' అంటే నేల మీదా నీటిలోనూ నడిచేది, 'కె' అంటే ముందు చక్రాలకూ ఇంజన్ శక్తి అందేది, 'డబ్ల్యు' అంటే వెనుక రెండు ఇరుసులకూ శక్తి అందేది. సైనికులు మాత్రం తేలిగ్గా 'డక్' అన్నారు. అంటే బాతు. పేరు భలే కుదిరింది కదా!

దీని అవసరం ఎందుకు వచ్చింది? రేవు లేని చోట పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. సరుకును చిన్న పడవల్లోకి దించి, ఒడ్డున మళ్ళీ లారీలకెత్తాలి. శత్రువు కాల్పుల మధ్య ఇసుకలో ఆ పని చేయడమంటే ప్రాణాలతో చెలగాటమే. డక్ అయితే ఓడ పక్కన సరుకు ఎక్కించుకుని, నేరుగా ఒడ్డెక్కి లోపలి రోడ్ల మీదికి వెళ్ళిపోతుంది.

ఆరు చక్రాల జి.ఎం.సి. మిలటరీ లారీ చట్రం చుట్టూ పలుచని ఉక్కు రేకుతో పడవ ఆకారం కట్టారు. ఆ ఆకారాన్ని తీర్చినవారిలో పందెపు పడవల నిపుణుడు రాడ్ స్టీఫెన్స్ ముఖ్యుడు. వెనుక అడుగున ప్రొపెల్లర్, చుక్కాని అమర్చారు. స్టీరింగ్ తిప్పితే చక్రాలతోపాటు చుక్కానీ తిరుగుతుంది. రెండున్నర టన్నుల సరుకు మోస్తూ రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్లు, నీటిలో సుమారు 10 కిలోమీటర్లు వెళ్ళేది.

నాకు బాగా నచ్చింది టైర్ల సంగతి. టైరులో గాలి నిండుగా ఉంటే ఇసుకలో దిగబడుతుంది. గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని బరువును పంచుతుంది. తర్వాత తయారైన డక్‌లలో డ్రైవరు సీట్లోంచి లేవకుండానే గాలి తగ్గించవచ్చు, రోడ్డెక్కాక మళ్ళీ నింపవచ్చు. ఇక లోపలికి చేరిన నీటిని తోడే పంపులు ఎంత బలమైనవంటే, అడుగున రెండంగుళాల చిల్లు పడినా బండి తేలేది.

మొదట సైనికాధికారులు దీన్ని నమ్మలేదు. 1942 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ప్రావిన్స్‌టౌన్ దగ్గర ఒక తీరరక్షక నౌక పెనుగాలికి ఇసుక తిన్నె మీద చిక్కుకుంది. మామూలు పడవలు వెళ్ళలేకపోయాయి. పరీక్ష కోసం అక్కడే ఉన్న డక్ వెళ్ళి ఏడుగురినీ కాపాడింది. ఆ తర్వాత సందేహాలు పోయాయి. మొత్తం 21 వేలకు పైగా తయారయ్యాయి. 1943 జూలైలో సిసిలీలో, 1944 జూన్‌లో నార్మండీలో అవే సరుకు మోశాయి.

అయితే దీని అంచు నీటి మట్టానికి ఎంతో ఎత్తులో ఉండదు. నార్మండీలో ఫిరంగులు, గుళ్ళు, ఇసుక బస్తాలు, మనుషులతో మితిమీరి నింపిన డక్‌లు అలలకు నీళ్ళు నిండి మునిగాయి.

యుద్ధం తర్వాత అమెరికాలో పాత డక్‌లను మార్చి, ఎండ తగలకుండా పైకప్పు వేసి, విహార యాత్రికులను తిప్పారు. 1999లో ఆర్కాన్సాస్‌లో అలాంటిదొకటి మునిగి 13 మంది చనిపోయారు. మునిగే బండిలోంచి పైకి రాకుండా ఆ కప్పే అడ్డుపడింది. కప్పులు తీసేయాలని 2002లో ప్రభుత్వ దర్యాప్తు సంస్థ సూచించింది. 2018 జూలై 19న మిస్సోరిలోని బ్రాన్సన్ దగ్గర తుఫాను గాలికి మునిగిన బండికీ కప్పు ఉంది. అందులోని 31 మందిలో 17 మంది చనిపోయారు.