పికప్ ట్రక్కులో పులిహోర, రేడియోలో రాజకీయం

రోజూ లంచ్ టైముకి మా ఆఫీసు పార్కింగులో ఓ పాత పికప్ ట్రక్కు కిటికీ అద్దాలు కిందికి దిగేవి. లోపల మా టీమ్‌లో అందరికన్నా సీనియర్ ఒకాయన. ఒళ్ళో శాండ్‌విచ్, డ్యాష్‌బోర్డు మీద చల్లారిపోయిన కాఫీ, ఫుల్ సౌండుతో రేడియో. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. మేం ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు 'పెద్దాయన' అంటాం, అదే ఉంచుతాను.

2019లో డాలస్ వచ్చిన కొత్తలో నాకు కారు లేదు. మా అపార్ట్‌మెంట్ ఆయన దారిలోనే ఉందని తెలిసి లిఫ్ట్ ఇవ్వడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి, ''లంచ్ కూడా ఇక్కడే చేసెయ్. కానీ రేడియో మాత్రం కట్టను, ముందే చెబుతున్నా'' అన్నాడు. అలా నా పులిహోర డబ్బా, ఆయన శాండ్‌విచ్, మా ఇద్దరి మధ్యలో రష్ లింబా గొంతు.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆ గొంతంటే నాకు చిరాకు. సగం జోకులు అర్థమయ్యేవి కావు, అర్థమైనవి నచ్చేవి కావు. స్త్రీవాదుల్ని నాజీలతో కలిపి ఎగతాళి చేసే మాటని పాపులర్ చేసింది ఈయనే. ఇలాంటి మనిషిని రోజుకు మూడు గంటలు ఎవరైనా ఎందుకు వింటారు? నెల తిరక్కుండానే నాకు జవాబు దొరికింది. అది వార్తల షో కాదు, తోడు. గెస్టులు దాదాపు ఉండరు, అరుపులాట ఉండదు. ఒకే మనిషి నవ్విస్తూ, ''పెద్ద పత్రికలు, హాలీవుడ్, యూనివర్సిటీలు మిమ్మల్ని పల్లెటూరి బైతుల్లా చూస్తున్నాయి, నేను అలా చూడను'' అన్న భావం రోజూ కలిగిస్తాడు. ట్రక్కు నడిపేవాళ్ళకి, పొలంలో ఉన్నవాళ్ళకి, ఒంటరిగా లంచ్ తినేవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి?

ఒక్క రూలు పోయింది, అంతే

ఈ షోలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయని ఓసారి కుతూహలంగా వెతికాను. కథ భలే ఉంది.

అమెరికాలో 1949 నుంచి రేడియో, టీవీలకి ఒక రూలుండేది. వివాదం ఉన్న అంశాన్ని చూపిస్తే, రెండో వైపు వాదనకీ చోటివ్వాలి. రేగన్ హయాంలో, 1987లో, ప్రసారాల్ని నియంత్రించే ఎఫ్‌సీసీ ఆ రూలుని ఎత్తేసింది. అప్పటికే పాటలన్నీ క్వాలిటీ బాగుండే ఎఫ్ఎమ్‌కి వెళ్ళిపోయాయి. పాత ఏఎమ్ స్టేషన్లకి ఏం వేయాలో తోచడం లేదు. సరిగ్గా ఆ టైములో, 1988 ఆగస్టులో, లింబా షో దేశమంతటా మొదలైంది. ఖాళీగా ఉన్న ఇంట్లోకి కొత్త అద్దెకాపు దిగినట్టు మాటల రేడియో ఏఎమ్‌లో దిగింది.

1994 ఎన్నికల్లో రిపబ్లికన్లు 40 ఏళ్ళ తర్వాత ప్రతినిధుల సభని గెలిచారు. కొత్తగా నెగ్గిన వాళ్ళు లింబాని తమలో గౌరవ సభ్యుడిగా చేసుకున్నారంటే ఆయన పవర్ అర్థం చేసుకోండి. 1996 అక్టోబరులో రూపర్ట్ మర్డోక్ డబ్బుతో, ఒకప్పుడు నిక్సన్‌కి టీవీ సలహాలిచ్చిన రోజర్ ఐల్స్ బుర్రతో ఫాక్స్ న్యూస్ వచ్చింది. రేడియోలో పండిన ఫార్ములా టీవీకి ఎక్కింది.

వినోదం మీద గొడవ కూడా ఇప్పటిది కాదు. 1992లో ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్, 'మర్ఫీ బ్రౌన్' అనే కామెడీ సీరియల్లో హీరోయిన్ పెళ్ళి కాకుండా బిడ్డని కనడాన్ని ఓ స్పీచ్‌లో తప్పుబట్టాడు. తండ్రి ఉండాల్సిన అవసరం లేదన్నట్టు చూపిస్తున్నారని ఆయన బాధ. సీరియల్ వాళ్ళు తర్వాతి సీజన్ మొదటి ఎపిసోడ్‌లోనే ఆయనకి జవాబిచ్చారు. దేశ ఉపాధ్యక్షుడికీ, లేని ఒక పాత్రకీ మధ్య వాదన! ముందు సంస్కృతి మారుతుంది, రాజకీయం దాని వెనకే వస్తుందని ఆండ్రూ బ్రైట్‌బార్ట్ లాంటి కన్జర్వేటివ్‌లు గట్టిగా నమ్మారు. అందుకే వాళ్ళకి సినిమా టికెట్టు కూడా ఓటు లాంటిదే.

కరెంటు పోయిన వారం

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపాను వచ్చింది. గుర్తుందా, రాష్ట్రమంతా చీకటి. మా అపార్ట్‌మెంట్లో కరెంటు లేదు, హీటర్ లేదు. రెండు దుప్పట్లు, ఒక స్వెట్టరు వేసుకుని వణుకుతున్నాను. పెద్దాయన ఫోన్ చేసి, ''బ్యాగు సర్దుకో'' అన్నాడు. ఐసు పట్టిన రోడ్డు మీద ఆ పికప్‌లోనే వచ్చి తీసుకెళ్ళాడు. వాళ్ళింట్లో కట్టెల పొయ్యి ముందు మూడు రోజులున్నాను. వాళ్ళావిడ గ్యాస్ స్టవ్ మీద నా కోసం అన్నం వండింది. కాస్త ముద్దయింది గానీ, అంత రుచైన అన్నం నేను అమెరికాలో తినలేదు.

17వ తేదీన బ్యాటరీ రేడియోలో షో టైముకి లింబా బదులు ఆయన భార్య గొంతు వినిపించింది. లంగ్ క్యాన్సర్‌తో ఆయన చనిపోయాడని చెప్పింది. పెద్దాయన ఏం మాట్లాడలేదు. లేచి వెళ్ళి పొయ్యిలో ఇంకో కట్టె వేసి, అక్కడే చాలాసేపు వీపు తిప్పుకుని నిలబడ్డాడు.

రేడియోలో ఆ గొంతు వలసదారుల గురించి ఎన్నో అనేది. ఆ గొంతుని ప్రేమించిన మనిషి వలస వచ్చిన నాకు పొయ్యి ముందు చోటిచ్చాడు. ఈ రెంటినీ కలిపి లెక్క వేయడం నాకు ఇప్పటికీ రాదు.

78.75 కోట్ల డాలర్ల నిజం

2020 ఎన్నికల్లో ఓటింగ్ మెషీన్లతో మోసం జరిగిందన్న మాట ఫాక్స్‌లో పదే పదే వచ్చింది. మెషీన్ల కంపెనీ డొమినియన్ పరువునష్టం కేసు వేసింది. కోర్టులో బయటికొచ్చిన మెసేజ్‌లు చూస్తే అసలు సంగతి తెలిసింది. తెర మీద వచ్చిన ఆ ఆరోపణల్ని తెర వెనక చాలామంది యాంకర్లే నమ్మలేదు. 2023 ఏప్రిల్‌లో ఫాక్స్ 78.75 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఆరు రోజులకి స్టార్ యాంకర్ టకర్ కార్ల్‌సన్ బయటికి వచ్చేశాడు.

''వాళ్ళు నమ్మలేదంట కదా'' అని పెద్దాయన్ని అడిగాను. కాసేపు స్టీరింగ్ వైపే చూసి, ''నేను నమ్మాను'' అన్నాడు. అంతే. ఆ తర్వాత ఫాక్స్ పెట్టడం తగ్గించి పాడ్‌కాస్టులకి మారాడు. ఆయనొక్కడే కాదు, జనమే అటు మళ్ళారు. 2024 ఎన్నికలకి పదకొండు రోజుల ముందు ట్రంప్ జో రోగన్ పాడ్‌కాస్టులో దాదాపు మూడు గంటలు కూర్చున్నాడు. మన వయసు కుర్రాళ్ళు టీవీ ముందు లేరు, ఇయర్‌ఫోన్స్‌లో ఉన్నారని ఆయన టీమ్‌కి బాగా తెలుసు.

''నిన్ను కాదు, మిగతావాళ్ళని''

2024 డిసెంబరులో చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ని ట్రంప్ ఏఐ సలహాదారుగా ప్రకటించాడు. అక్కణ్ణుంచి కన్జర్వేటివ్‌ల ఇంట్లోనే అంతర్యుద్ధం. హెచ్1బీ వీసాలు కావాలని మస్క్ ఒకవైపు, అమెరికన్ల ఉద్యోగాలు పోతున్నాయని స్టీవ్ బానన్ మరోవైపు. మధ్యలో వివేక్ రామస్వామి దిగి, అమెరికా సంస్కృతి లెక్కల ఒలింపియాడ్ గెలిచినవాడి కన్నా స్కూల్ ప్రామ్ క్వీన్‌ని నెత్తిన పెట్టుకుంటోందన్నట్టు రాశాడు. ఉదాహరణకి తొంభైల్లోని టీవీ సీరియళ్ళ పాత్రల్ని చూపించాడు. మళ్ళీ వినోదమే! ఆ పోస్టు మంటలో పెట్రోలు పోసింది. చివరికి ట్రంప్ ఆ వీసాలంటే తనకి ఇష్టమేనన్నాడు.

ఆ వారం ట్రక్కులో బానన్ పాడ్‌కాస్టు నడుస్తోంది. నేను తినడం ఆపి అడిగేశాను. ''వీళ్ళు తిడుతున్నది నన్నే కదా?''

''నిన్ను కాదు. మిగతావాళ్ళని.''

''మిగతావాళ్ళంటే ఎవరు? మా రూమ్మేటా?''

ఆయన రేడియో కట్టేశాడు. ఐదేళ్ళలో మొదటిసారి. తర్వాత నెమ్మదిగా, తన అల్లుడి ఉద్యోగం ఎలా పోయిందో చెప్పాడు. తన సీట్లోకి వచ్చే మనిషికి నెల రోజులు పని నేర్పించి మరీ ఇంటికెళ్ళాడట. ఆ వచ్చిన మనిషి మన దేశం వాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన కోపం అబద్ధం కాదు, నా భయమూ అబద్ధం కాదు. ఈ రెండూ ఒకే ట్రక్కులో పక్కపక్కనే కూర్చున్నాయి.

మహాలయ అమావాస్య ముందు రాత్రి

2025 సెప్టెంబరులో తెనాలి వచ్చాను. 21న, ఆదివారం, మహాలయ అమావాస్య. తాతయ్య పోయాక నాన్న పక్కన కూర్చుని తర్పణం చూడ్డం అదే మొదటిసారి. శనివారం తెల్లారేసరికి ఫోన్ నిండా మెసేజ్‌లు. హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు, ట్రంప్ సంతకం పెట్టేశాడు, మన టైము ప్రకారం ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి అమలు. చాలా కంపెనీలు తమ వాళ్ళని వెంటనే తిరిగి రమ్మన్నాయి.

మా వాట్సాప్ గ్రూపులు పిచ్చెక్కిపోయాయి. ఒకడు టికెట్ రేటు పెడతాడు, పది నిమిషాలకి ఇంకొకడు అంతకన్నా ఎక్కువ రేటు పెడతాడు. హైదరాబాద్ వెళ్ళి, ఫ్లైటెక్కి... ఎలా లెక్కేసినా ఆ టైముకి డాలస్ చేరలేను. అమ్మ ఏడుస్తోంది. మావయ్య మాత్రం, ''ఉపాధ్యక్షుడి భార్య ఉషా వాన్స్ వాళ్ళది మన వడ్లూరే కదరా, మనల్ని అంత తేలిగ్గా వదిలేస్తారా?'' అంటున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అర్ధరాత్రి దాటాక ఫోన్ మోగింది. పెద్దాయన.

''వైట్‌హౌస్ వివరణ ఇచ్చింది. నీకు స్క్రీన్‌షాట్ పంపాను. రెండుసార్లు చదివాను. కొత్త అప్లికేషన్లకే ఫీజు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదు. టికెట్ కొనకు. మీ నాన్న దగ్గరుండు.''

అప్పటిదాకా మా గ్రూపుల్లో ఒక్కడూ ఆ కాగితం చదవలేదు. నేనూ చదవలేదు. ఆయన వినే షోలే జనాన్ని రెచ్చగొడతాయని అనుకునేవాణ్ణి. ఆ రాత్రి రెచ్చిపోయింది మేము, చదివింది ఆయన.

ఫోన్ పెట్టేముందు మాట మార్చాడు. అదే వారం కామెడీ షో చేసే జిమ్మీ కిమ్మెల్‌ని ఏబీసీ ఆపేసింది. చార్లీ కర్క్ హత్య తర్వాత ఆయన అన్న మాటల మీద గొడవ, దానిపై ఎఫ్‌సీసీ ఛైర్మన్ బ్రెండన్ కార్ బహిరంగంగా హెచ్చరిక. ''ఆ కిమ్మెల్ అంటే నాకు పడదు. కానీ ప్రభుత్వం బెదిరించకూడదు. టెడ్ క్రూజ్ కూడా అదే అన్నాడు, విన్నావా?'' అన్నాడు. టెక్సస్ సెనేటర్ క్రూజ్ పక్కా కన్జర్వేటివ్. ఒక రూలు పోవడం వల్ల పుట్టిన మీడియాని 35 ఏళ్ళకు పైగా విన్న మనిషి, ఇప్పుడు అదే ఎఫ్‌సీసీ తన ఎదుటివాడి నోరు నొక్కకూడదంటున్నాడు. కొద్ది రోజులకే కిమ్మెల్ షో మళ్ళీ మొదలైంది.

ఉదయం నాన్న తర్పణం వదులుతుంటే పక్కనే కూర్చున్నాను. తొమ్మిదిన్నర ఎప్పుడు దాటిందో కూడా చూసుకోలేదు.

అక్టోబరులో తిరిగొచ్చి మళ్ళీ ట్రక్కెక్కాను. ఇప్పుడు రేడియో సౌండు కాస్త తక్కువ, మా వాదనల సౌండు కాస్త ఎక్కువ. ఓటు గురించి ఆయన మనసు మారలేదు, ఆయన షోల గురించి నా మనసు పూర్తిగా మారలేదు. కానీ ఫార్వర్డ్ కొట్టే ముందు ఇద్దరం ఒకరినొకరం అడుగుతున్నాం, ''కాగితం చదివావా?'' అని.

గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాను కాబట్టి నా వీసా పొడిగింపు మీదే బతుకుతోంది. తర్వాతి పొడిగింపు టైముకి రూలు ఎలా మారుతుందో, ఆ ట్రక్కులో ఇంకెన్ని లంచ్‌లు మిగిలాయో తెలీదు. ప్రస్తుతానికి పులిహోర మాత్రం రెండు డబ్బాల్లో తీసుకెళ్తున్నాను. ఆయన డబ్బాలో ఎండుమిరపకాయలు ఏరేసి.