ఇల్లు చెరువుకి ఎంత దూరం? ఇన్సూరెన్స్ ఫారం నింపే ముందే చూసుకోండి

రఘునాథపల్లి లాంటి ఊళ్లలో ఇంటి ఇన్సూరెన్స్ అంటే చాలామందికి బ్యాంకు లోన్‌తో వచ్చే కాగితం. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేస్తాం. చెరువు, వాగు ఎంత దూరంలో ఉన్నాయని ఫారంలో అడిగితే ఏజెంటే ఏదో అంకె వేసేస్తాడు. రేపు ఇంట్లోకి నీళ్లొచ్చాక ఆ అంకె తప్పని తేలితే, క్లెయిమ్ ఆపడానికి కంపెనీకి సాకు దొరికినట్టే.

కొలవడం కష్టమేం కాదు. గూగుల్ మ్యాప్స్‌లో ఇంటి మీద వేలు నొక్కి పట్టుకుంటే పిన్ పడుతుంది, దూరం కొలిచే ఆప్షన్ వస్తుంది. అయితే ఎండాకాలం తీసిన ఫొటో అయితే చెరువు సగమే కనిపిస్తుంది. అందుకే కొలవాల్సింది ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే చెరువు నిండి మత్తడి దూకేటప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అక్కడి నుంచి. ఆ హద్దు ఇరిగేషన్ శాఖను అడగాలి. ఊళ్లో పెద్దవాళ్లకూ బాగానే గుర్తుంటుంది.

2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకి, కుంటకి 9 మీటర్లు వదలాలి. ఇది ఇల్లు కట్టుకునే పర్మిషన్ రూలు మాత్రమే. 31వ మీటరులో ఉన్నాం, మనకేం కాదు అనుకుంటే పొరపాటు. 2023 జూలై 27న మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగిపోయింది, జనం ఇళ్ల పైకెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. రెండు రోజులకే వరంగల్ భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. కాబట్టి దూరంతో పాటు ఇల్లు ఎత్తులో ఉందా పల్లంలో ఉందా, కట్ట కింద ఉందా అన్నది కూడా చూడాలి.

పాలసీ సంగతికొస్తే, 2021 ఏప్రిల్ 1 నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు భారత్ గృహ రక్ష అనే ఒకే తరహా పాలసీ ఇస్తున్నాయి. వరద నష్టం అందులోనే కలిసి ఉంటుంది. అమెరికాలో వరదకు మామూలుగా వేరే పాలసీ కొనాలి, అక్కడున్న చుట్టాలు చెప్పింది ఇక్కడికి వర్తించదు.

లెక్క ఇలా ఉంటుంది. కార్పెట్ ఏరియా 600 చదరపు అడుగులు, కట్టడానికి అడుగుకి 1,800 రూపాయలు అనుకుంటే ఇంటి బీమా 10,80,000. స్థలం ధర ఇందులో కలపరు. సామాన్లకి విడిగా అడగకపోయినా అందులో 20 శాతం, అంటే 2,16,000 దాకా కవర్ వస్తుంది. దీనికి గరిష్ఠ పరిమితి 10 లక్షలు. కిరాయికి ఉండేవాళ్లు సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు.

గోడలు, పైకప్పు దేనితో కట్టారో ఫారంలో ఉన్నదున్నట్టు రాయించండి. సంతకానికి ముందు నింపిన ఫారం ఫొటో తీసి పెట్టుకోండి. నీళ్లొస్తే కంపెనీకి వెంటనే చెప్పాలి. సర్వేయర్ వచ్చేదాకా తడిసిన బీరువా, కుట్టు మిషన్, పరుపులు పారేయొద్దు. గోడ మీద నీటి మరక ఎంత ఎత్తు దాకా ఉందో ఫొటో తీసుకున్నాకే కడగండి.