రాత్రికి రాత్రే పడిపోయే ముల్లు

గత చలికాలంలో మేము ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో మా అమ్మాయి ఇంట రెండు నెలలు గడిపాము. ఇంట్లో నలభై రోజుల పసికందు. మేము వెళ్ళిన మూడవ నాటి తెల్లవారుజామున వుజూ కోసం కొళాయి తిప్పితే చేతులు కొంకర్లు పోయే నీళ్ళు వచ్చాయి. గదుల్లోని రేడియేటర్లు రాళ్ళలా చల్లబడి ఉన్నాయి. అల్లుడు నిద్రకళ్ళతో వంటగదిలోకి వచ్చి, బాయిలరు కింద ఉన్న చిన్న మీట తిప్పి కాస్త నీరు ఎక్కించాడు. "రోజూ ఉండేదే మామయ్యా, ఒక్క నిమిషం" అన్నాడు.

ఆ "రోజూ ఉండేదే" అన్న మాట మాకు మింగుడు పడలేదు. అన్నివైపులా మూసి ఉన్న పాత్రలో నీరు ఎలా తరిగిపోతుంది?

మన ఊళ్ళలో గీజరు తప్ప ఇటువంటి ఏర్పాటు లేదు కనుక కొంత వివరించాలి. అక్కడి ఇళ్ళలో గ్యాసు బాయిలరు నీటిని కాచి, గొట్టాల గుండా గదిగదికీ ఉన్న ఇనుప రేడియేటర్లలోకి పంపుతుంది. చల్లబడిన నీరు తిరిగి బాయిలరుకే చేరుతుంది. ఏళ్ళ తరబడి తిరిగేది ఆ నీరే. వ్యవస్థ చల్లగా ఉన్నప్పుడు పీడనం 1 నుంచి 1.5 బార్ల మధ్య ఉండాలి. వేడెక్కినప్పుడు 2 దాకా పెరగవచ్చు. బాగా పడిపోతే, సుమారు 0.5 దగ్గర చాలా బాయిలర్లు తమంతట తామే ఆగిపోతాయి.

నీరు ఎక్కిస్తే సరిపోతుంది కదా అనుకోవచ్చు. సరిపోదు. కొత్త నీటితో పాటు ఆక్సిజన్ లోపలికి పోతుంది, ఇనుము లోలోపల తుప్పు పడుతుంది, నల్లని బురద పేరుకుంటుంది. తుప్పు పట్టకుండా కలిపిన మందు కూడా పలచబడిపోతుంది. అల్లుడి ఒక్క నిమిషం పని ప్రతిరోజూ ఇంటిని కొంచెం కొంచెంగా తినేస్తోందన్నమాట.

మేము రాకముందే ఒక పనివాడు వచ్చి చూసి, బాయిలరు పాతబడింది, మార్చక తప్పదని రెండు వేల పౌండ్లకు పైగా లెక్క చెప్పి వెళ్ళాడట. గుంటూరులో ఉన్న తల్లి మోకాళ్ళ శస్త్రచికిత్సకు అల్లుడు కూడబెట్టిన సొమ్ము సరిగ్గా అంతే. అమ్మాయి ఆ మాట మాకు చెప్పి, "మీ అల్లుడితో అనకండి అబ్బాజాన్" అని కళ్ళు తుడుచుకుంది.

మేము యంత్ర విద్య నేర్చినవాళ్ళము కాము. అయితే పిల్లవాడు వాక్యం తప్పు చదివితే పదం పదం వెనక్కి వెళ్ళి ఎక్కడ తప్పాడో పట్టుకోవడం మదరసాలో మా నిత్యకృత్యం. ఇక్కడా అదే చేద్దామన్నాము. ఒక నోటుపుస్తకం తీసి ఫజ్ర్‌కు లేచినప్పుడు ఒకసారి, ఇల్లు పూర్తిగా వేడెక్కాక ఒకసారి, పడుకునే ముందు ఒకసారి ముల్లు ఎక్కడుందో రాసుకున్నాము. నీరు ఎక్కించిన వెంటనే 1.3, వేడెక్కాక దాదాపు 3, మరునాటి తెల్లవారుజామున 0.4. మూడు రోజులూ ఇదే వరుస. ఆ మూడు అంకెలే జవాబు చెబుతున్నాయి గానీ, అప్పటికి మాకు చదవడం రాలేదు.

ముందు రేడియేటర్లు చూశాము. ఇది చల్లని వేళ చేయవలసిన పని, ఎందుకంటే వేడిగా ఉన్నప్పుడు చెమర్చిన తడి అక్కడికక్కడే ఆవిరైపోతుంది. ప్రతి వాల్వు చుట్టూ పల్చని కాగితం చుట్టి చూడాలి. రాగి గొట్టం మీద పచ్చటి మరక ఉంటే అది పాత కారుడు గుర్తు. మేడమీద గదిలో ఒక వాల్వు దగ్గర కాగితం తడిసింది. అల్లుడు స్పానరుతో నట్టు పావు చుట్టు బిగించాడు. అందరమూ సంతోషించాము. మరునాడు ముల్లు మళ్ళీ 0.4 దగ్గరే!

కప్పుల మీద తడి మరకలు లేవు. నేల కింద గొట్టాలు కారుతున్నాయేమో చూడాలంటే నేల తవ్వాలా? అక్కరలేదు. బాయిలరును ఆపి, పూర్తిగా చల్లారాక, దాని కింద రేడియేటర్లకు నీరు పోయే, వచ్చే రెండు వాల్వులనూ మూసి రాత్రంతా ఉంచాలి. బాయిలరు గేజీ నిలబడితే లోపం ఇంటి గొట్టాలలో ఉంది, పడిపోతే బాయిలరులోనే ఉంది. మా గేజీ పడిపోయింది.

బాయిలరు నుంచి ఒక సన్నని రాగి గొట్టం గోడ బయటికి వస్తుంది. పీడనం 3 బార్లు దాటితే లోపలి రక్షణ వాల్వు తెరుచుకుని నీటిని అందులోంచి వదులుతుంది. ఆ నీరు మరిగేంత వేడిగా ఉండవచ్చు, కనుక బాయిలరు ఆగి ఉండగానే ఆ గొట్టం మూతికి పాలిథిన్ సంచి కట్టాము. తెల్లవారేసరికి సంచిలో రెండు గ్లాసుల నీళ్ళు!

అప్పుడు అంకెలు అర్థమయ్యాయి. 100 లీటర్ల నీటిని 10 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు కాస్తే సుమారు 3 లీటర్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటివ్వడానికి బాయిలరులో ఒక డబ్బా ఉంటుంది. దాని నడుమ రబ్బరు పొర, పొరకు ఒకవైపు నీరు, మరొకవైపు గాలి. సైకిల్ ట్యూబులా ఆ గాలి ఏళ్ళ మీద తగ్గిపోతుంది. చోటు లేని నీరు పీడనాన్ని 3కు తోస్తుంది, రక్షణ వాల్వు తెరుచుకుంటుంది, దాని అంచున నలుసు చిక్కి మళ్ళీ గట్టిగా మూసుకోదు. ఆపైన రాత్రంతా బొట్టుబొట్టుగా కారుడే.

ఇక్కడితో మా చేతులు ఆగాయి. బాయిలరు మూత విప్పే పని మనది కాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, అది ప్రాణం తీస్తుంది. బ్రిటన్‌లో గ్యాసు పనివారు గ్యాస్ సేఫ్ రిజిస్టరులో ఉండాలి. 2009 ఏప్రిల్ 1 నుంచి ఇదే పద్ధతి. వచ్చినవారి కార్డు అడిగి, వెనుకవైపు ఏ పనులకు అర్హత ఉందో చదవడం అమర్యాద కాదు. ఈసారి వచ్చినతను డబ్బా పిన్ను నొక్కి చూశాడు. నీరు రాలేదు, గాలి మాత్రం నీరసంగా వచ్చింది. అంటే పొర చిరగలేదు. నీటి పీడనం దింపి, కారు టైర్ల పంపుతో గాలి నింపి, రక్షణ వాల్వు మార్చి, తుప్పు మందు కలిపాడు. ఖర్చు కొత్త బాయిలరు వెలలో పదో వంతు కూడా కాలేదు.

అక్కడ అద్దె ఇళ్ళలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. ఇంగ్లండులో ఏడేళ్ళ లోపు అద్దె ఒప్పందాలలో వేడి వ్యవస్థ మరమ్మతు 1985 నాటి చట్టం ప్రకారం యజమాని బాధ్యత. నోటిమాటగా కాక రాతపూర్వకంగా తెలియజేయండి.

మరునాటి తెల్లవారుజామున వంటగదిలో దీపం వేశాము. ముల్లు 1.3 దగ్గర ఉంది. అలవాటు ప్రకారం అల్లుడు వచ్చి చేయి చాచాడు. మీట ఉంది గానీ నీరెక్కించే గొట్టం లేదు. దానిని రాత్రే విప్పించి అమ్మాయి సొరుగులో పెట్టేసింది.